సోలారు పలక మీద బూడిద

“...మిల్లులో మింగిన బూడిద చాలదా, ఇంటిమీది కూడా కావాలా? మెట్లెక్కొద్దని తెనాలి డాక్టరు చెప్పలా?” అంది రాఘవమ్మ.

“తుడవకపోతే నీ మిషను దగ్గర లైటెట్టా వెలుగుద్దే?” అన్నాడు యలమంద, తడిగుడ్డ భుజాన వేసుకుని.

రేపల్లెలో ఒక రైసుమిల్లు బాయిలరు దగ్గర అతను ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఊపిరితిత్తులు పాడయ్యాక మానేశాడు. ఇప్పుడు రాఘవమ్మ జాకెట్లు కుడితేనే ఇల్లు గడుస్తుంది. సాయంత్రాలు కరెంటు ఉండదని రెండువేల ఆరులో కప్పు మీద చిన్న సోలారు పలక పెట్టించారు. దాని బ్యాటరీతో ఆమెకు ఒక లైటు, అతనికి ఊపిరాడేందుకు ఒక ఫ్యాను నడుస్తాయి. అయితే మిల్లు గొట్టం నుంచి ఊకబూడిద వచ్చి రోజూ పలకను కప్పేస్తుంది. తుడవనినాడు ఛార్జింగు రెండింటిలో ఒకదానికే సరిపోతుంది. రాఘవమ్మకు చిన్నప్పుడే పోలియోతో కాలు పడిపోయింది. నిచ్చెన ఎక్కాల్సింది అతనే.

ఆ ఉదయం మూడో మెట్టు మీదే యలమందకు దగ్గు ముంచుకొచ్చింది. చేతులు పట్టు తప్పుతుంటే ఆమె నడుం పట్టుకుని దించింది. అరుగు మీద కూర్చుని, తడిగుడ్డ పక్కన పెట్టేశాడు.

“ఇంక ఎక్కనులే. ఫ్యాను వైరు తీసేస్తా. లైటు నువ్వుంచుకో,” అన్నాడు.