పుస్తకం మూస్తే మళ్లిన పడవ

పెద్దబాపు పోయాడన్న కబురు నాకు బడి ఆఫీసు గదిలో, ఫోనులో తెలిసింది. ఆదిలాబాద్‌లో నేను చదువు చెప్పే బడి అది. అవతల మాట్లాడింది మా నాన్న, మేం బాపు అంటాం. "పెద్దబాపు పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి, కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. మా ఇంట్లో మాటలు రానిది నేనొక్కదాన్నే అని అందరూ అనుకుంటారు. ఆ రోజు ఇద్దరం ఫోను పెట్టెయ్యకుండా చాలాసేపు ఒకరి ఊపిరి ఒకరు విన్నాం.

పెద్దబాపు మా బాపుకు అన్న. బాపు నస్పూర్‌లో బొగ్గు గని ఆఫీసులో పనిచేసేవాడు. పెద్దబాపు మాత్రం గోదావరి ఒడ్డున, కరీంనగర్ జిల్లా వైపున్న మా ఊళ్లోనే ఉండిపోయి, కొద్దిపాటి పొలం చేసుకుంటూ పడవ నడిపేవాడు. వంతెన రాకముందు ఆ రేవులో అటు ఆదిలాబాద్ జిల్లాకు దాటినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆయన్ను చూసే ఉంటారు. నీలం టార్పాలిన్ కప్పు, వెనక ఇంజను, ఇంజను పక్కన తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి. మనిషి గుర్తు లేకపోయినా పాట గుర్తుండవచ్చు. ఆ చుట్టుపక్కల రేవుల్లో స్టీరియో ఉన్న పడవ అదొక్కటే.

అది కారులో పెట్టుకునే క్యాసెట్ సెట్టు. పెద్దబాపు అల్లుడు దుబాయి నుంచి వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. ఇంట్లో కారు లేదు కాబట్టి పడవలో పెట్టారు. ఇంజను బ్యాటరీ నుంచే దానికి కరెంటు. స్పీకర్లకు పెద్దబాపు టేకు చెక్కతో రెండు పెట్టెలు చేసి, కప్పు మోసే గుంజలకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి వేలాడదీశాడు. భజన పాటలు పెట్టేవాడు. ఇంజను మోత మీద పాట, పాట మీద జనం మాటలు. గంగమ్మ చెవులు మూసుకునే దినం వస్తుందని ఆయన భార్య, మా పెద్దవ్వ, అంటుండేది. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు.

నేను చిన్నప్పటి నుంచి కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడ మాట్లాడకుండా కూర్చునే పిల్లను సిస్టర్లు మెచ్చుకునేవాళ్లు. సెలవులకు ఊరికి వస్తే అదే పెద్ద లోపం. పిల్లకు నోరు లేదా అని చుట్టాలు నా ముందే అడిగేవాళ్లు. ఒకసారి పెద్దబాపు వాళ్లకు నిమ్మళంగా జవాబిచ్చాడు. "నోరున్నది. చెవులు సుత ఉన్నయ్. మీకు నోరొక్కటే ఉన్నది."

నేను డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి వచ్చిన ఎండాకాలం ఆ సెట్టు పాడయింది. పాడయిన తీరు విచిత్రంగా ఉండేది. గంగ దాటేవాళ్లు నడిమధ్యకు రాగానే అందరూ లేచి, నీళ్లు వచ్చే దిక్కుకు జరిగి, రూపాయి బిళ్ల ఒకటి నీళ్లలో వేసి దండం పెట్టుకుంటారు. సరిగ్గా అప్పుడే పాట ఆగిపోయేది. రెండు పెట్టెలూ ఒక్కసారే మూగబోయేవి. దండం పెట్టుకుని ఎవరి జాగాలో వాళ్లు కూర్చోగానే ఆగిన చోటు నుంచి పాట మళ్లీ వచ్చేది. అవతలి ఒడ్డు నుంచి కూరగాయల గంప తెచ్చే ముసలవ్వ ఒకామె ఉండేది. గంగమ్మ ముందు ఏ పాటయినా ఆగాల్సిందేనని ఆమె తేల్చేసింది. కొన్నాళ్లకు జనం ఆ మౌనం కోసమే ఎదురుచూడసాగారు. పాట ఆగగానే చెంపలేసుకునేవాళ్లు.

పెద్దబాపు సగం నమ్మాడు, సగం నమ్మలేదు. సెట్టును సుల్తానాబాద్ తీసుకుపోయి రేడియోలు బాగుచేసే అతనికి చూపించాడు. అక్కడ బల్ల మీద అది మధ్యాహ్నమంతా ఆగకుండా పాడింది. ఏ రోగమూ లేదని చెప్పి పంపాడతను.

అసలు పెద్దబాపు బాధ నడిగంగలో ఆగిపోయే పాట గురించి కాదు. కొన్నాళ్ల నుంచి ఎడమ పెట్టె ఎప్పుడూ పలకడం లేదని ఆయన అనేవాడు. అందుకని సౌండు పెంచుకుంటూ పోయాడు. ఆ రోజుల్లో అవతలి ఒడ్డుకు ఎవరైనా పడవ కోసం వస్తే, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పొడుగ్గా ఒక కూత వేసేవాళ్లు. ఆ కూత విని పడవ పోవాలి. రేవు పని అంటే అదే. ఒక సాయంత్రం జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని ఒక జంట వచ్చి, అక్కడి నుంచి కూతలు వేసి వేసి, ఎవరూ రాక, పై రేవు దాకా నడిచి పోయారు. పిల్లవాడికి నయమైంది. కానీ ఊరి పెద్దలు పెద్దబాపును పిలిచి, పాట మోతలో కూత వినలేదని, ఇంకోసారి ఇట్లా అయితే రేవు వేరేవాళ్లకు ఇస్తామని చెప్పారు. రేవును ఏటేటా ఊరే ఇస్తుంది. ఆయనకు చేతనైన పని, ఆయన మనసున్న పని అదొక్కటే.

"గా ఎడమ పెట్టె మంచిగైతే సౌండు తక్కువ పెట్టుకుంట. అప్పుడు కూత ఇనవడుతది" అన్నాడు నాతో. ఆ మాట ఎంత నమ్మకంతో అన్నాడో నాకిప్పటికీ గుర్తుంది.

అట్లా మేమిద్దరం ఆ సెట్టు వెంట పడ్డాం. పడవను ఒడ్డుకు కట్టి, ఇంజను ఆపి పాట పెడితే ఎంతసేపైనా ఆగేది కాదు. ఖాళీ పడవలో రోగం దొరకదని పెద్దబాపు అన్నాడు. జనం దండం పెట్టుకునే దిక్కున నన్ను నిలబడమన్నాడు. ఏమీ కాలేదు. తనూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాట కొంచెం వణికింది. అప్పుడు ఒడ్డున బట్టలు ఉతుకుతున్న పెద్దవ్వను పిలిచాడు. ఆమె తడి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి మా పక్కన నిలబడగానే కాళ్ల కింద పలక వంగింది, పాట ఆగింది. పక్కకు జరిగితే వచ్చింది. మళ్లీ నిలబడితే ఆగింది. "నన్ను తూకం రాయిని జేసిండ్రు గదనే" అని పెద్దవ్వ నన్ను చూసి నవ్వింది.

పలక లేపితే కింద బ్యాటరీ నుంచి సెట్టుకు పోయే తీగ ఉంది. పైతొడుగు చెక్కుచెదరలేదు. పెద్దబాపు దాన్ని వేళ్ల మధ్య పట్టి మెల్లగా జరుపుతూ, నొక్కుతూ పోయాడు. ఒకచోట ఆగి, నా వేళ్లు పెట్టి చూడమన్నాడు. అక్కడ మెత్తగా ఉంది. కోసి చూస్తే లోపల రాగి పోగులు తెగి, పచ్చని చిలుము పట్టి ఉన్నాయి. పలక వంగినప్పుడల్లా తెగిన కొసలు విడిపోయేవి, లేవగానే కలిసేవి. చెడింది కోసేసి, మంచి కొసలు ముడివేసి, టేపు చుట్టి, తీగను పలక కింద కాకుండా పడవ అంచు వెంట తిప్పాం.

మరునాడు నడిగంగలో జనం లేచారు. పాట ఆగలేదు. బిళ్లలు వేశారు, చేతులు జోడించారు కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంప పక్కన నిలబడ్డ ముసలవ్వ ముఖం చిన్నబోయింది. పెద్దబాపు అది చూశాడు. చెయ్యి చాచి సెట్టు బందు చేశాడు. నీళ్ల చప్పుడు వినిపించింది. జనం నిమ్మళంగా కళ్లు మూసుకున్నారు. ఆనాటి నుంచి పడవ నడిపినన్నాళ్లూ నడిగంగలో ఆయనే చెయ్యి చాచి పాట ఆపేవాడు. రోగం పోయింది, మొక్కు మిగిలింది అని నవ్వేవాడు.

ఎడమ పెట్టె సంగతి మిగిలింది. నేను దానికి చెవి ఆనించి చూశాను. పలుకుతోంది. ఆ మాటే చెప్పాను. పెద్దబాపు తల అడ్డంగా ఊపాడు. పెట్టెలు మార్చి కట్టమన్నాడు. ఆయన పద్ధతి అది. "తప్పు పెట్టె ఎంబడి పోతదా, జాగల్నే ఉంటదా, గంతే సూడాలె" అనేవాడు. కుడిది ఎడమకు, ఎడమది కుడికి కట్టి, పాట పెట్టి, ఆయన ముఖం చూశాను. ఆయన ఇంజను పక్కన రోజూ కూర్చునే చోట కూర్చుని ఉన్నాడు.

ఇంకా ఎడమదే పలుకుతలేదన్నాడు.

నిన్నటిదాకా కుడివైపు బాగా పాడిన పెట్టె అది. తప్పు తీగలో ఉందేమోనని తీగలు కూడా మార్చాను. అదే మాట. తప్పు పెట్టెతో పోలేదు, తీగతో పోలేదు. జాగాలోనే ఉంది. నాకు అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఒక్కసారికి అది నా పిరికితనం కాదనుకుంటాను.

ఆయన నా ముఖం వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత లేచి, అదే చోట వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఇప్పుడు ఎడమది కుడి అయింది, కుడిది ఎడమ. కళ్లు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. పాట అయిపోయి క్యాసెట్టు టక్కుమని ఆగింది.

"పెట్టెలు మంచిగనే ఉన్నయ్ బిడ్డా" అన్నాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పి, ఎడమ చెవిని మెల్లగా తడుముకున్నాడు. "ఇన్నేండ్ల సంది ఇంజను గీ దిక్కే ఉండె." తువ్వాల మళ్లీ చుట్టుకుంటూ అన్నాడు. "రేవు పోతది."

ఎవరికీ చెప్పొద్దని నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదని ఆయనకు తెలుసు.

మరునాడు పొద్దున నేను పుస్తకం పట్టుకుని పోయి పడవలో ఆయనకు ఎడమవైపు, ఇంజను ముందు కూర్చున్నాను. ముందుగా ఏమీ అనుకోలేదు. ఎండ ఎక్కాక, ఒడ్డున ఉన్నప్పుడు, అవతలి నుంచి సన్నగా కూత వచ్చింది. ఆయన తాడు పేనుకుంటున్నాడు, తల ఎత్తలేదు. ఒడ్డున నలుగురు కూర్చుని ఉన్నారు. కూత వచ్చిందని వాళ్ల ముందు నేను ఎట్లా చెప్పాలి? పుస్తకం టప్పున మూశాను. ఆయన ఆ పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు. తాడు పక్కన పెట్టి, లేచి, పడవను అవతలి ఒడ్డుకు మళ్లించాడు.

ఆ ఎండాకాలమంతా అట్లాగే గడిచింది. నేను చదువుకునేదాన్ని, ఆయన ఓరకంట పుస్తకం చూసుకుంటుండేవాడు. ఆడపిల్ల పడవలో చదువుకోవడమేమిటని ఎవరైనా అడిగితే ఇక్కడ హవా మంచిగుంటదని చెప్పేవాడు. నా పుస్తకాలన్నిటి గురించి ఆయన అడిగే ప్రశ్న ఒకటే, కథ ఎట్ల ఒడిసిందని, అంటే ఎట్లా ముగిసిందని. చివర మంచిగా లేదని చెబితే కొంచెంసేపు నీళ్ల వైపు చూసి, అయితే నడుమ ఏదైనా మంచిగున్నది చెప్పమనేవాడు. నా జీవితంలో నా మౌనంతో ఒకరికి పని పడటం అదే మొదలు.

సెలవులు అయిపోవస్తుంటే నాకు దిగులు పట్టుకుంది. పెద్దబాపు ఒక వెదురు గడ కొట్టుకొచ్చి అవతలి ఒడ్డున పాతాడు. దానికి తాడు కట్టి, పెద్దవ్వ పాత ఎర్రచీర ముక్కను జెండాలా కట్టాడు. పడవ కావాలంటే గొంతు చించుకోనక్కర లేదని, జర తాడు గుంజితే చాలని అందరికీ చెప్పాడు. జనం సంబరపడ్డారు. పక్క రేవులో లేని సౌకర్యం మనకుందని అనుకున్నారు. నేను నిశ్చింతగా హాస్టలుకు పోయాను. ఆ తర్వాత వంతెన వచ్చేదాకా రేవు ఆయనదే.

తర్వాతి సెలవుల్లో కూడా ఆయన ఎడమవైపే కూర్చున్నాను. ఎర్రగుడ్డ లేస్తే కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన నా పుస్తకం వైపే చూసేవాడు.

వంతెన మీద బస్సులు నడిచాక పడవను ఒడ్డుకు లాగి కట్టేశారు. రెండో చెవి కూడా మెల్లగా మసకబారింది. పోయిన దసరాకు పోయినప్పుడు ఆయన పక్కన కూర్చుంటే మా ఇద్దరి మధ్య మారిందేమీ లేదనిపించింది. కథ ఎట్ల ఒడిసిందని చేత్తో సైగ చేసి అడిగాడు. నేను పుస్తకం మూసి చూపించాను. నవ్వాడు. ఆయన్ను చివరిసారి చూడటం అదే.

అస్థికలు కలిపే రోజున ఆ కూరగాయల ముసలవ్వ వంతెన మీదుగా బస్సులో వచ్చి, పెద్దవ్వ చెయ్యి పట్టుకుని కూర్చుంది. కొంచెంసేపటికి నన్ను గుర్తుపట్టి, దగ్గరికి రమ్మంది. పుస్తకం పిల్లవు కదా అంది. నేను తల ఊపాను. అప్పుడామె గొంతు తగ్గించి చెప్పింది.

"మాకు ఎర్కనే బిడ్డా. ఆయినకు ఇనవడుతలేదని మా దిక్కు అందరికి ఎర్కనే. గుడ్డ లేపి సుత ఒక కూత ఏసేటోళ్లం. కూత ఇనే వస్తున్నట్టు ఉండాలె గద ఆయినకు."

ఇన్నేళ్లూ ఆ రహస్యం మా ఇద్దరిదే అనుకున్నాను. అవతలి ఒడ్డు ఒడ్డంతా దాన్ని దాచింది, మా నుంచి కూడా. నేను ఆమె చేతిని పట్టుకుని ఉండిపోయాను. తిని పొమ్మని పెద్దవ్వ అడిగినా ఆమె ఆగలేదు. పడవ నీళ్లలో దిగేసరికి తను అవతల ఉండాలంది.

పెద్దబాపు పడవనే మళ్లీ నీళ్లలోకి దించారు. పై రేవు నుంచి వచ్చిన మనిషి ఇంజను పట్టాడు. బాపు కుండను ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. నేను నా చోటే కూర్చున్నాను. టేకు పెట్టెలు గుంజలకు ఇంకా వేలాడుతున్నాయి. నడిగంగకు రాగానే ఎవరూ చెప్పకుండానే అందరూ లేచి నీళ్లు వచ్చే దిక్కుకు జరిగారు. ఇంజను ఆపారు. బాపు కుండను వంచాడు.

అప్పుడు అవతలి ఒడ్డున, వెదురు గడ మీద, వెలిసిపోయిన ఎర్రగుడ్డ మెల్లగా పైకి లేచింది. దాని వెనకే నీళ్ల మీదుగా కూత వచ్చింది. ముసలి గొంతు, పొడుగ్గా, ఎక్కడా తెగకుండా.

నా చేతిలో పుస్తకం లేదు. అయినా రెండు చేతులూ దగ్గరికి వచ్చి మూసుకున్నాయి.