జమ్ములోకి యంత్రం

ఆవిడని అందరూ గేటక్క అనేవారు. చిత్తడి నేల మీద వేసిన చెక్కబాటకి పంతొమ్మిదేళ్ళుగా ఆవిడే కాపలా. ఏ చెక్క కిర్రుమంటుందో, ఏ మేకు పైకి లేచిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చెక్కలు పుచ్చిపోతున్నాయని ఆరేళ్ళలో పదకొండు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. మెత్తబడ్డ చోటల్లా తనే ఎర్రగుడ్డ కట్టి, వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని దాటించేది.

అలాంటిది, తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు ఎర్రగుడ్డని ఖాతరు చెయ్యకుండా అడుగేసి, మోకాలిదాకా బురదలో దిగబడ్డాడు. అంతే! పది రోజుల్లో కాంట్రాక్టరూ, లారీ నిండా కలపా, తవ్వే యంత్రమూ గేటు ముందు వాలిపోయాయి.

గేటక్కకి ఒళ్ళు మండింది. జమ్ముగడ్డిలో నీటికోళ్ళు గుడ్లు పొదిగే నెల అది.

"ఈ యంత్రాన్ని లోపలికెలా తీసుకెళ్తావయ్యా?"

"తొక్కించుకుంటూ పోవడమే. గడ్డే కదమ్మా, మళ్ళీ మొలుస్తుంది" అన్నాడు కాంట్రాక్టరు.

"గుడ్లు కూడా మొలుస్తాయా? ఆరేళ్ళు నేను మొత్తుకుంటే చెవిన పెట్టలేదు. ఒకాయన బూట్లు తడిసేసరికి ఇంత తొందరా!"

గేటుకి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించింది. కబురు విని, కుట్టుపని చేసుకునే మొగుడు మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఉద్యోగం ఊడుతుందే!"

"ఊడితే ఊడనీ. నీ దగ్గర కాజాలు కుట్టుకుంటా."

"అమ్మో, అది మాత్రం వద్దు" అని హడలిపోయాడు కానీ, పక్కనుంచి కదల్లేదు.

చివరికి ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, చేతిలో ఈ పని అనుమతుల ఫైలు.

"ఆ అనుమతి కాగితం అందరూ వినేలా చదవమ్మా" అంది గేటక్క.

మూడో పేజీకొచ్చేసరికి ఆ పిల్ల ఆగి, అదే వాక్యం మళ్ళీ చదివింది. పక్షులు పొదిగే కాలంలో పని చెయ్యకూడదనీ, యంత్రం ఎప్పుడూ లోపలికి రాకూడదనీ అందులోనే ఉంది.

"నేనిది చూడలేదు" అంది నెమ్మదిగా.

"సంతకం నీదేగా?"

ఆ పిల్ల తల దించుకుని, యంత్రాన్ని వెనక్కి పంపించేసింది. పని రెండున్నర నెలలు ఆగింది. నీటికోళ్ళ పిల్లలు గూళ్ళు వదిలాక, కూలీలు అప్పటికే వేసిన చెక్కల మీద నిలబడి, ముందుకి ఇంకో చెక్క వేసుకుంటూ, నేల తొక్కకుండా బాట పూర్తిచేశారు.

ప్రారంభోత్సవానికి గేటక్కని పిలవలేదు. పనికి అడ్డుపడ్డందుకు సంజాయిషీ ఇమ్మని కాగితం మాత్రం ఇచ్చారు. "మీ కాగితంలో ఉన్నదే చేశాను" అని ఆవిడ ఒక్క ముక్క రాసింది. దాని కింద ఇంజనీరమ్మ అడక్కుండానే సంతకం పెట్టింది.