కాళ్ళే కదా అనుకున్న ఈనిడ్

హాలిఫాక్స్‌లో మా వీధి చివరింట్లో ఈనిడ్ సగ్డెన్ ఉండేది. బడి వంటశాలలో పని. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముడు క్లైవ్‌ను తనే పెంచింది. వాడికి నలభై దాటినా చొక్కాలు ఆమే ఇస్త్రీ చేసేది.

క్లైవ్‌కు పందెం పావురాలంటే ప్రాణం. పక్కింటి డెస్మండ్ లమ్ పెంచే పిల్లి ఓ రోజు గూట్లో దూరి వాటిని కొరికేసింది. క్లైవ్ ఇనుప కడ్డీ పట్టుకుని బయల్దేరాడు. ఇళ్ళ వెనక సందులో డెస్మండ్‌ను పడేసి కాళ్ళ మీద బాదాడు. తొడలో రక్తనాళం తెగి, ఆస్పత్రికి చేరేలోపే డెస్మండ్ పోయాడు.

పోలీసులు రాగానే ఈనిడ్ అడక్కముందే చెప్పింది. "చంపాలని వెళ్ళలేదండీ మావాడు. 'వాడి కాళ్ళు రెండూ విరగ్గొట్టి వస్తా' అన్నాడు, అంతే. కాళ్ళే!"

ఆ మాటే తమ్ముణ్ణి గట్టెక్కిస్తుందని ఆమె నమ్మకం. కోర్టులోనూ అదే చెప్పి, వచ్చి నా పక్కన కూర్చుంది.

జడ్జి జ్యూరీకి నిదానంగా వివరించాడు. "చంపాలన్న ఉద్దేశమే ఉండాలని లేదు. ఆత్మరక్షణ లాంటి న్యాయమైన కారణమేదీ లేకుండా, ఒంటికి తీవ్రమైన హాని చేయాలనే కొట్టి, ఆ దెబ్బకు మనిషి పోతే, చట్టం దాన్ని హత్యే అంటుంది."

ఈనిడ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమంటున్నాడాయన? అది నేను చెప్పిందే కదూ?"

యావజ్జీవం పడింది. క్లైవ్ బోనులోంచి ఖైదీల గదులకు మెట్లు దిగుతూ మేం కూర్చున్న వైపు చూసి, "నీ నోటికో దణ్ణమే అక్కా!" అన్నాడు.

సిగ్గుతో ఆమె బజారుకు వెళ్ళడం మానేసింది. కొన్ని వారాలకు నేను బలవంతాన వెంటబెట్టుకెళితే, మాంసం కొట్టు ముందు డెస్మండ్ భార్య హిల్డా ఎదురైంది. నేను పక్కనే ఉన్నాను.

"మావాడు చంపాలనుకోలేదు హిల్డా, నమ్ము."

"నమ్ముతున్నా. కాళ్ళు విరగ్గొడతానని నీ ముందునుంచే కదా వెళ్ళాడు? నువ్వేమన్నావు?"

ఈనిడ్ ముఖం కందిపోయింది. కోర్టులో ఎవరూ అడగని ప్రశ్న అది. అబద్ధం చెప్పలేకపోయింది.

"భోజనం చల్లారిపోతుంది, త్వరగా రా అన్నాను."

హిల్డా సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని ఈనిడ్ దారంతా గొణుగుతూనే ఉంది. "కాళ్ళంటే నాకు చిన్న విషయంలా తోచింది చూడు. అవి పక్కింటాయన కాళ్ళు కదా."

జైల్లో క్లైవ్ ఏడాదిపాటు ఆమెను కలవనన్నాడు. చివరికి ఒప్పుకున్న రోజు, బల్లకు అవతల కూర్చుని, "జడ్జి నాకు అన్యాయం చేశాడు కదే?" అని అడిగాడట.

"లేదురా," అంది ఈనిడ్. "నేనే నిన్ను గుమ్మం దగ్గర ఆపలేదు."