ఉప్పు కలిపిన ఐసు

ఆ ఎండాకాలం మా ప్రయోగశాలలో పోయినవి ఇవి: ఆరు చిన్న సీసాల సీరం, అది ఇచ్చిన కుందేలు, పదకొండు స్లైడ్లు, మైనపు దిమ్మలో పోసి ఉంచిన ఒక గడ్డ ముక్క. కుందేలు ఎండాకాలం మొదట్లోనే చచ్చిపోయింది. దాని చావుకు ఈ సంగతితో సంబంధం లేదు గాని, అది లేకపోవడం వల్లే సీరానికి మారు దొరకలేదు.

డెబ్బైల మొదట్లో నాంపల్లిలో ఒక డాక్టరమ్మ నడిపే ప్రయోగశాలలో నేను గుమాస్తాను. రాష్ట్రం ఏర్పడ్డాక కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకని సీరం ఎంత పలుచన చేయాలో లెక్క కట్టే పనీ నాకే వచ్చింది.

గర్భంలోని శిశువు పేగుల్లో ఉండే ఒక ప్రొటీన్ పెద్దవాళ్ళలో దాదాపు కనిపించదు. పేగు కేన్సర్‌లో మళ్ళీ కనిపిస్తుంది. దాన్ని కుందేలుకు ఎక్కిస్తే, దాన్ని పట్టుకునే యాంటీబాడీ కుందేలు రక్తంలో పుడుతుంది. గడ్డ ముక్కను పలుచగా కోసి స్లైడ్ మీద పరిచి, ఆ రక్తం నుంచి తీసిన సీరం వేసి రంగు మందు పోస్తే, ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది.

కాచిగూడలో ఉండే ఒక రిటైరైన పంతులుగారికి కొన్నేళ్ళ కిందట పేగులో గడ్డ తీశారు. ఇప్పుడు మెడలో ఇంకొకటి తీశారు. పాతదే తిరిగి వచ్చిందా, ఇది వేరేదా అన్నది ఆయన ప్రశ్న. రంగు తేలితే పాతదే అనుకోవచ్చు. ఇది పరిశోధన మాత్రమేనని డాక్టరమ్మ చెప్పినా, ఆయన అడగడానికి వస్తూనే ఉన్నారు.

అప్పుడే ఫ్రిజ్ చెడింది. ఆబిడ్స్‌లో బాగుచేసేవాడు వారం పడుతుందన్నాడు. అందులోని సీరం సీసాలు ఐసు పెట్టెలోకి మారాయి.

"ఐసుల జర ఉప్పెయ్యాలె అమ్మా, గట్టిగ పడ్తది" అన్నాడు అటెండరు. వాళ్ళ నాయన స్టేషన్ దగ్గర కుల్ఫీ అమ్మేవాడు.

"కుల్ఫీ చేస్తున్నామనుకున్నావటోయ్?" అన్నాను.

"కుల్ఫీ అయితె నలుగురు కొంటరు సార్. గీ కుందేలు నెత్తురు ఎవలు కొంటరు?"

డాక్టరమ్మ నవ్వి సరేనన్నారు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అందరం అనుకున్నాం. రాత్రి సీరం గడ్డ కట్టేది, మధ్యాహ్నానికి కరిగేది. వారమంతా అదే జరిగింది. అలా గడ్డకట్టి కరుగుతూ ఉంటే యాంటీబాడీ పట్టు పోతుందని ఆ వేడిలో ఎవరికీ తోచలేదు.

ఫ్రిజ్ వచ్చాక పంతులుగారి మెడ గడ్డ ముక్క మీద ఆ సీరం వేశాం. రంగు రాలేదు. పలుచన ఎక్కువైందేమోనని తగ్గించాం. అప్పుడూ రాలేదు. ప్రొటీన్ ఉందని రూఢిగా తెలిసిన పాత స్లైడ్లు రెండే మిగిలాయని వాటిని దాచి, ఆయన దిమ్మనే కోస్తూ పోయాం. దిమ్మ అయిపోయాక పాతదాని మీద వేసి చూస్తే దానికీ రంగు రాలేదు. చెడింది సీరమేనని అప్పుడు తెలిసింది.

పంతులుగారికి డాక్టరమ్మే చెప్పారు.

"లేదంటున్నరా అమ్మా, తెల్వదంటున్నరా?"

"తెలియదంటున్నాను మాస్టారూ. మీ ముక్క కూడా అయిపోయింది."

ఆయన గొడుగు చేతిలోకి తీసుకున్నారు. "గట్లయితె గట్లనే రాయండి. లేదని మాత్రం రాయకున్రి" అని లేచారు. మళ్ళీ రాలేదు.

ఆ ఏడాది మేము చూసినవి పంతొమ్మిది మంది ముక్కలు. పద్దెనిమిది మందికి ఉందనో లేదనో చెప్పాం. పుస్తకంలో ఆయన పేరు ఎదుట సున్నా వేయడానికీ వీల్లేదు, సున్నా అంటే లేదని అర్థం. ఆ గడి ఖాళీగానే ఉంచాను. ఈనాటికీ ఒక జవాబు బాకీ.