అమ్మ గోరూ, పత్తి ఆకూ

నందికొట్కూరు దగ్గర మాది విత్తనపత్తి చేను. మర్నాడు విచ్చే మొగ్గల్లోంచి పుప్పొడి తిత్తుల్ని సాయంత్రమే గోటితో ఒలిచేస్తాం. పొద్దున వేరే రకం పూలు తెచ్చి వాటికి రుద్దుతాం. దీన్నే క్రాసింగ్ అంటారు. అమ్మ ఈ పనికోసమే కుడి బొటనవేలి గోరు పెంచుకుంది. నా పెళ్లికి కూడా కత్తిరించలేదు.

పోయినేడు మా విత్తనం పరీక్షలో తప్పింది. మొలకల ఆకులు గిల్లి మిషన్లో డీఎన్ఏ చూస్తే, కొన్నింట్లో తల్లి గుర్తులే ఉన్నాయని, తండ్రి రకం గుర్తులు లేవని మా విత్తనం కొనే కంపెనీ ఆఫీసరు కాగితం తెచ్చి చెప్పాడు. మొగ్గలో సొంత పుప్పొడి మిగిలిపోయి, దానికదే గింజ కట్టిందట.

"తల్లే తండ్రి ఎట్లయితాదప్పా?" అంది అమ్మ.

ఇంటర్లో బైపీసీ చదివినదాన్ని కదా అని నావైపు చూసింది. నాకు గుర్తున్నది మెలి తిరిగిన నిచ్చెన బొమ్మ ఒక్కటే. ఆఫీసరే చెప్పాడు. ప్రతి కణంలోనూ దారంలాంటి డీఎన్ఏ ఉంటుంది, అందులో సగం తల్లిది, సగం తండ్రిది. కణం రెండయ్యే ముందు ఆ రాతకు నకలు తీసుకుంటుంది. అందుకే ఏ ఆకు గిల్లినా అదే రాత. మరి ఆకులోనూ పువ్వు సంగతి రాసుంటే ఆకు ఆకుగానే ఎందుకుంటుందని అడిగాను. ఏ కణమైనా తనకు కావలసినంతే చదువుకుంటుందన్నాడు. తల ఊపాను గానీ అర్థమైంది తక్కువ.

"ముప్పై ఏండ్లుగా చేస్తాండా. ఈడ నన్నడక్కుండా ఆకునడిగినారా?" అంది అమ్మ. క్రాసింగంటే మా ఊళ్లో అమ్మ పేరే చెప్తారు. ఆ పేరు పోతుందని ఆమె రెండ్రోజులు సరిగా తినలేదు. నాకు ఆ కాగితం మీద ఒళ్లు మండింది.

ఈ ఏడు క్రాసింగ్ మొదలైన సాయంత్రం ఒక మొగ్గ ఒలిచి నా చేతిలో పెట్టింది. "చూడు పాపా, ఏమన్నా మిగిలుండాదా?"

మొగ్గ అడుగున నాలుగు పుప్పొడి తిత్తులు అట్లాగే ఉన్నాయి. అమ్మ మరో మొగ్గను ముక్కుకు ఆనించుకుని ఒలుస్తోంది. అప్పుడు తెలిసింది, ఆమెకు కండ్లు ఆనడం లేదని. పెళ్లయ్యాక కూడా ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియని సంగతి ఆకుకు ముందే తెలిసింది. సిగ్గేసింది.

"ఏం లేదుమా" అన్నాను.

కంటి డాక్టరు మాట ఎత్తితే, ఆ కాగితం నిజమేనని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఎత్తకపోతే నేనేం కూతుర్ని? ఏదీ తేలక, ఆ నెలంతా ఆమె వెనకే నడుస్తూ, మిగిలినవి నా గోటితో తీసేశాను.

విత్తనం పాసైంది. ఆఫీసరు కాగితం చదివాక అమ్మ నావైపు తిరిగి నవ్వింది.

"చూసినావా? పోయినేడు ఆ మిషనుకే కండ్లు కనపడలే."