మా ఒక్క ఇంట్లోనే పోయే కరెంటు

మా చిన్నతనంలో ఆత్మకూరులో కరెంటు పోయిందంటే వీధి వీధంతా ఒక్కసారిగా "హో..." అని అరిచేది. ఆ వెంటనే అమ్మ గూట్లోంచి లాంతరు దించేది. చిమ్నీని పొద్దున్నే బూడిదతో తోమి, పాత గుడ్డతో తుడిచి పెట్టుకునేది. నేను, తమ్ముడు చెరోవైపు పుస్తకాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం... నాలుగు ఎక్కాలు అయ్యేసరికి మళ్ళీ కరెంటు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మాత్రం ఇంకో రకం కోత మొదలైంది. సాయంత్రం ఏడు కొట్టగానే మా ఒక్క ఇంట్లోనే కరెంటు పోయేది. వీధి అరిచేది కాదు. పక్కింటి మస్తాన్ గారి కిటికీలో బల్బు నిక్షేపంగా వెలుగుతూ ఉండేది.

నాయన గుమాస్తా. ఆఫీసు నుంచి రాగానే వీధి వసారాలో చాప వేసి ముగ్గురు స్నేహితులతో పేకాటకు కూర్చునేవారు. పందేలు లేవు, ఊరికే కాలక్షేపం. కానీ ఆ కేకలు వీధి చివరిదాకా వినపడేవి. కరెంటు పోతే లాంతరు వెలుగులో ముక్కలు ఆనేవి కావు. కాసేపు చూసి ముగ్గురూ చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళు వీధి మలుపు తిరిగిన కాసేపటికి... కరెంటు దానంతట అదే వచ్చేది!

మస్తాన్ గారు బావి మోటార్లకు వైండింగ్ చేసేవారు. మర్రిపాడు రైతులు కాలిపోయిన మోటార్లను బండ్లమీద వేసుకుని ఆయన షెడ్డుకే వచ్చేవారు. మా ఇంటి వైరింగు కూడా ఆయనదే. ఒక సాయంత్రం కరెంటు పోగానే నాయన ఆయన్ను పిలిపించారు. పెరటి వసారాలో ఉన్న బోర్డు చూసి, "ఫ్యూజు వదులైంది సార్, అంతే" అని నొక్కేసి వెళ్ళిపోయారు.

నాయనకు అక్కడే అనుమానం పుట్టింది. వారం కిందట మస్తాన్ గారే వచ్చి, "సార్, మా పాప టెన్తు పరీక్షలకు చదువుకుంటా ఉండాది. కొంచెం నెమ్మదిగా ఆడుకోండి" అన్నారు మరి.

"ఇది వాడి పనే. కరెంటు పని తెలిసినోడు ఈ వీధిలో ఇంకెవడుండాడు?" అన్నారు నాయన.

ఇక మా చూపే మారిపోయింది. మస్తాన్ గారు దగ్గినా, రెండిళ్ళ మధ్య సందులో చెప్పుల చప్పుడైనా నాయన ఆట ఆపి చెవులు రిక్కించేవారు. నేనూ తక్కువ తినలేదు. వాళ్ళ పాప నన్ను చూసి నవ్వితే, ఎందుకు నవ్విందా అని రోజంతా ఆలోచించాను...

ఒకరోజు నాయన, పెరట్లోకి వచ్చేవాడి అడుగులు పడతాయని, సందు నిండా పొయ్యి బూడిద చల్లారు. ఏడింటికి కరెంటు పోయింది. టార్చిలైటు పట్టుకుని పరుగెత్తాం. బూడిద మీద ఒక్క అడుగు లేదు.

"గోడ దూకి వచ్చినాడు" అన్నారు నాయన. యాభై దాటిన మనిషి, ఒక కాలు ఈడ్చి నడిచే మనిషి... గోడ ఎలా దూకుతాడని మాకెవరికీ తట్టలేదు.

నాయన నేరుగా వాళ్ళ గడప ముందుకు వెళ్ళారు. వెనకే పేకాట స్నేహితులు.

"ఏంది మస్తానూ, నా ఇంటి ఫ్యూజుతో నీకు పనేంది?"

"నేను తీయలేదు సార్."

"నువ్వు గాక ఇంకెవరు తీస్తారు?"

ఆయన ఏదో అనబోయి ఆగారు. మా గుమ్మం వైపు ఒకసారి చూశారు. "మీరెట్టనుకుంటే అట్ట సార్" అని తలుపేసుకున్నారు.

తర్వాత మూడు రోజులు కరెంటు పోలేదు. "చూశారా, అడగ్గానే మానేసినాడు!" అని నాయన గెలిచినట్టు చెప్పుకున్నారు. ఆ మూడు రోజులూ అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నాకేమో ఆ బూడిద సంగతి మనసులోంచి పోలేదు. బయటి నుంచి ఎవరూ రాలేదంటే... లోపలి వాళ్ళే కదా?

అమ్మ పప్పు రుబ్బుతుంటే పక్కన కూర్చుని అడిగేశాను. "అమ్మా, ఫ్యూజు నువ్వే తీసినావా?"

రోట్లో పొత్రం ఆగిపోయింది. 

"పొద్దున నాలుగింటికి లేస్తానే. సాయంత్రమైనా కాసేపు నడుం వాలుద్దామంటే ఆ నలుగురికీ టీలు, నీళ్ళు, అప్పడాలు... చెప్తే వినే మనిషా మీ నాయన? అందుకని తీసినా." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ నింద మస్తానన్న మీద పడతాదని అనుకోలేదే."

మరునాడు నన్ను వెంటబెట్టుకుని మస్తాన్ గారింటికి వెళ్ళింది. చాప వేసినా కూర్చోలేదు.

"అన్నా, ఫ్యూజు తీసింది నేను."

"తెలుసమ్మా" అన్నారాయన. "నన్ను పిలిపించిన రోజే ఫ్యూజు పింగాణీ మీద పసుపు వేళ్ళ గుర్తులు కనపడినాయి. తుడిచేసి నొక్కినా."

"మరి ఆయనకు ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నువ్వు మాటలు పడాల. పోనీలే అనుకున్నా."

ఆ సాయంత్రం పేకాట మధ్యలో, నలుగురి ముందే, అమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ముగ్గురూ చేతిలో ముక్కల్లోకి తలలు దించుకున్నారు. నాయన తన ముక్కలు బోర్లించి చాపమీద పెట్టారు. తర్వాత ఒక్కరే లేచి పక్కింటికి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఆ మరునాటి నుంచి మా వసారాలో చాప పరవలేదు.

మస్తాన్ గారు ఆ తర్వాత కూడా పిలిస్తే వచ్చేవారు, పని చేసిపెట్టేవారు. కానీ మునుపటిలా కూర్చుని కాఫీ తాగలేదు. "షెడ్డులో పనుండాదమ్మా" అనేవారు... ప్రతిసారీ.

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయిన సంగతే తెలియదు. పక్కింట్లో లైటుందో లేదో చూడాల్సిన అవసరమూ లేదు. అసలు పక్కింట్లో ఎవరున్నారో కూడా సరిగ్గా తెలియదు... అనుమానపడటానికైనా మనిషి తెలిసుండాలి కదా.

మీరూ ఎవర్నైనా ఇలా తప్పుగా అనుమానించారా? ఆ సంగతి వాళ్ళకు చెప్పగలిగారా... కనీసం ఇక్కడైనా చెప్పండి.