పిన్ని పక్కన పెట్టిన కత్తి

మా పిన్ని కుర్చీలకూ సోఫాలకూ సీట్లు కుట్టేది. సాయంత్రాలు పొట్టి కత్తుల సాము నేర్పేది. ఈ రెండింటికీ పొంతనేమిటని ఎవరైనా అడిగితే, "రెండింట్లోనూ మనుషుల ఒళ్ళు హూనం కాకుండా చూడాలిగా" అని నవ్వేది. ఆమె పోయాక, సాముకొచ్చేవాళ్ళు ఆమె గురించి ఏదైనా రాయమన్నారు. రాద్దామని కూర్చుంటే ముందుగా నా కళ్ళకు కట్టింది కమిలిపోయిన ఆమె ముంజేయి.

కొత్త సాధన కత్తి ఏది వచ్చినా, దాన్ని తన ముంజేతి మీదా తొడ మీదా కొట్టుకుని చూడనిదే ఆమె ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. అందుకే అందరూ ఆమెను దెబ్బల పిన్ని అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆమె పలికేది కూడా.

కింద దుకాణం, పైన సాము గది. దుకాణంలో రెక్సిన్ చుట్టలు, స్పాంజి పలకలు, జిగురు డబ్బాలు. ఆ జిగురు వాసన మెట్లెక్కి పైకి కూడా వచ్చేది. పైన చెక్క నేల, గోడవారగా ఒక బల్ల, కొక్కేలకు వేలాడే ముఖకవచాలు. పొడుగు కత్తితో అయితే దూరం నుంచి పోరాడవచ్చు. పొట్టి కత్తికి ఆ వెసులుబాటు లేదు, ఎదుటి మనిషి ఊపిరి తగిలేంత దగ్గరికి పోవాలి. పిడి దగ్గర చేతికి అడ్డు కూడా అంతంతమాత్రం. అందుకని దెబ్బ పడితే వేళ్ళ మీదే పడుతుంది.

మా దగ్గరికి గడియారాలు బాగుచేసే ఆయన ఒకరు వచ్చేవారు. పొద్దస్తమానం భూతద్దం మీదికి వంగి కూర్చుని మెడ పట్టేసిందని చేరారు. అడుగులు, తిప్పులు చక్కగా వచ్చేశాయి. ఇక మనిషితో తలపడాలని ఆయన కోరిక. "ఇక్కడున్నంతసేపూ నా చేతులు నావే అనిపిస్తుందక్కా" అని ఒకసారి పిన్నితో అన్నారు. మాటల పొదుపరి, అంత పెద్ద మాట ఆయన నోట మేం వినడం అదే మొదలు.

ఆ కోరిక సంగతి తెలిసి ఆయన భార్య ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చింది.

"ఏమండీ, ఈయన్ని కత్తియుద్ధానికి దింపుతున్నారట?"

"ఇంకా దింపలేదు చెల్లెమ్మా. దిగుతానని ఆయనే గొడవ."

"ఈయన వేళ్ళు వాస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. చెప్పారా మీకు?"

గడియారాలాయన గొంతు సవరించుకున్నారు. "చేతికి తొడుగులు వేస్తారే..."

"మీరాగండి. ఆవగింజంత మర కిందపడితే పూటంతా వెతుక్కుంటారు. వేలు పోతే ఎక్కడ వెతుక్కుంటారు?"

గదిలో అందరం నవ్వాం. పిన్ని నవ్వలేదు.

"ఆదివారం రామ్మా. కత్తి నీ కళ్ళముందే ఎంచుతాను. నీకు నచ్చకపోతే ఆయన జన్మంతా గాలితోనే పోట్లాడుకుంటారు."

ఆ మాటకు గడియారాలాయన ముఖం చూడాలి. పరీక్ష ఫలితం కోసం కూర్చున్నవాడిలా అయిపోయారు.

ఆదివారం నాటికి బల్ల మీద మూడు కత్తులున్నాయి. ఒకటి చెక్కది. నున్నగా మెరుస్తూ ఉంటుంది, చూసినవాళ్ళందరికీ దాని మీదే మనసు. ఇంకొకటి నల్లటి ప్లాస్టిక్‌ది. వెడల్పుగా, మొన గుండ్రంగా, అట్లకాడలా ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. మూడోది పిన్ని స్వయంగా చేసింది. సన్నటి ఫైబర్ కడ్డీకి స్పాంజి చుట్టి, పైన తోలు తొడిగి, కుట్టు కనబడకుండా కుట్టింది. పిల్లి వీపులా ఉండేది. ఆ కత్తే నెగ్గుతుందని మా అందరి లెక్క, పిన్ని లెక్క కూడా అదే.

ఆమె తన కత్తి తీసుకుని తొడ మీద ఒకటి, తొడుగు వేసుకున్న వేళ్ళ మీద ఒకటి చరుచుకుంది. "చూశావా, దిండు!"

గడియారాలాయన భార్య చేతులు కట్టుకుని చూస్తోంది. "మిమ్మల్ని మీరు కొట్టుకుంటే ఏం తెలుస్తుందండీ? మా చంటిది కూడా అలిగి కొట్టుకునేటప్పుడు మెల్లగా చూసుకునే కొట్టుకుంటుంది. ఇటివ్వండి, నేను కొడతాను."

"అయ్యో, నువ్వేంటి..." అని గడియారాలాయన లేవబోయారు. పిన్ని ఆయన్ని కూర్చోమని సైగ చేసి, ముఖకవచం తగిలించుకుని, చెయ్యి ముందుకు చాపి నిలబడింది.

"కానీ తల్లీ. మొహమాటపడకు."

చెక్క కత్తిని ఆవిడ ఎత్తినట్టే ఎత్తి దించేసింది. "అమ్మో, ఇది నావల్ల కాదు. ఎముక విరుగుతుంది." పిన్ని దాన్ని పక్కన పెట్టేసింది. ప్లాస్టిక్‌దానితో కాస్త భయంగానే కొట్టింది. "చురుక్కుమంది, అంతే" అంది పిన్ని. "ఇప్పుడు పొడు." పొడిస్తే కత్తి పిన్ని గుండె దగ్గర విల్లులా వంగి, తీయగానే తిన్నగా అయింది.

ఇక స్పాంజి కత్తి. అది మెత్తగా ఉందిగదా అని ఆవిడకు భయం పోయింది. మొగుడి మీది కోపం, మా నవ్వుల మీది కోపం అంతా కలిపి రెండు చేతులతో ఎత్తి వేసింది. ధబ్బుమని చప్పుడైంది.

పిన్ని తొడుగు తీసింది. మధ్యవేలు అప్పటికే ఉబ్బుతోంది. ఆ చేతిని వెనక్కి దాచుకోలేదు, వెలుతుర్లో పెట్టి అందరికీ చూపించింది.

"శభాష్ తల్లీ! ఈ వేలు ఆయనదై ఉంటే?"

ఆవిడ బిత్తరపోయింది. "నేను... అది మెత్తగా ఉంది కదా అని..."

"అదే కదా! మెత్తగా కనబడితే ఎవరి చెయ్యీ ఆగదు."

కుట్టు విప్పే కత్తెర తెప్పించి, అందరి ముందే తన కత్తిని నిలువునా కోసింది. దెబ్బ పడే అంచున స్పాంజి కాగితంలా అణిగిపోయి ఉంది. దాని కిందే కడ్డీ.

"సీటు మీద మనిషి మెల్లగా కూర్చుంటాడు, స్పాంజి మోస్తుంది. కత్తి కూర్చోదుగా! ఇన్నేళ్ళు సీట్లు కుట్టి కుట్టి నా బుర్రకి ఆ ముక్క తట్టలేదు చూడవే" అంది నాతో.

అంత శ్రద్ధగా చేసుకున్న వస్తువును, తనను వేలెత్తి చూపడానికి వచ్చిన మనిషి ఎదుటే చీల్చి చూపడం చిన్న సంగతేం కాదు. నేను చూసిన మనుషుల్లో చాలామంది ఆ వేలి నొప్పిని మింగేసి "బాగానే ఉంది" అనేవాళ్ళే. పిన్ని ముఖంలో చిన్నబోయిన ఛాయ కూడా లేదు. కొత్త విషయం దొరికిందన్న హుషారే ఉంది.

ప్లాస్టిక్ కత్తికి ఒప్పందం కుదిరింది. వేళ్ళ మీద గట్టి చిప్పలున్న తొడుగులు వేసుకోవాలని గడియారాలాయన భార్య షరతు పెట్టింది. వాచిన వేలికి గుడ్డ చుట్టుకుని పిన్నే ఆయనతో తలపడింది. నాలుగు అడుగులు పడ్డాయో లేదో, ఆయన పిడి పట్టిన చేతి మీదే తగిలింది దెబ్బ. ఆయన ఆగిపోయారు. బల్ల మీద కూర్చుని చూస్తున్న భార్య ఒక్క ఉదుటున వచ్చి తొడుగు లాగేసి, ఒక్కో వేలూ మడిచి, చాచి, కణుపులన్నీ నొక్కి చూసింది. కాస్త ఎర్రబడింది, అంతే.

"బానే ఉన్నాయి" అని తొడుగు తిరిగి తనే తొడిగింది. "ఏంటలా నిలబడ్డారు? ఆవిడ కొడితే కొట్టించుకుని వచ్చేస్తారా?"

గడియారాలాయన సందు చూసుకుని పొడిచారు. కత్తి పిన్ని భుజం మీద వంగింది. "తగిలింది!" అని పిన్ని అరిచిన అరుపు కింద వీధిలోకి వినబడి ఉంటుంది.

ఆ వారమంతా దుకాణంలో సూది నేనే పట్టాను. పిన్ని పక్కన స్టూలు వేసుకుని, వాచిన వేలు గాల్లో నిలబెట్టుకుని, నా కుట్టు వంకర పోయినప్పుడల్లా మా అమ్మను కూడా కలిపి తిట్టింది.